ప్రతులు ఎన్ని? ఎక్కడ?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)

  

గ్రంథాలయమునకు రెండు పనులు కలవు. పుస్తకమును పాఠకుని చేతికి అందించుట మొదటిది. ఆ పుస్తకము రేపటి పాఠకునికి కూడ మిగులునట్లు చూచుట రెండవది. మొదటి పని అందరి కంటికిని కనబడును. సభలలో దానినే కొనియాడుదురు. రెండవ పని సక్రమముగా సాగినంత కాలము ఎవరికిని కనబడదు. చెడిననాడు మాత్రమే దాని సంగతి ఊరెల్ల తెలియును. ఇరువదియైదేండ్లు నిండిన సంస్థకు ఈ రెండవ పనిని గూర్చి తలపోయదగిన వయస్సు వచ్చినది.

నేడు గ్రంథసంపద కాగితము మీదనే నిలిచియుండలేదు. పాత పత్రికలు, ఊరి చరిత్రకు సంబంధించిన పత్రములు, ఛాయాచిత్రములు, వృద్ధులు పాడిన పాటల ధ్వనిముద్రణములు - ఇవన్నియు అంకెల రూపము దాల్చి కంప్యూటరు డిస్కులలో చేరుచున్నవి. అరచేతిలో ఇముడు డిస్కులో గదినిండ పట్టు పుస్తకములు ఒదుగుచున్నవి. ఇది గొప్ప సౌకర్యము. దానితోపాటే గొప్ప అపాయమును వచ్చినది. గదినిండ నున్న పుస్తకములు ఒక్క క్షణములో నశింపవు. డిస్కు చేయిజారి పడిన ఆ క్షణమే చాలును. కోట్లకొలది పుటలను కాపాడవలసిన పెద్ద సంస్థలు ఈ అపాయమును ఏ విధముగా ఎదుర్కొనుచున్నవి? అందుకు వ్యయము నెట్లు తగ్గించుకొనుచున్నవి? వాని అనుభవమునుండి చిన్న గ్రంథాలయము గ్రహింపదగినది ఏమి? ఈ మూడు ప్రశ్నలే ఈ ఉపన్యాసమునకు విషయములు.

తాళపత్రముల నాటి అనుభవము

ప్రతులను పెంచి గ్రంథమును కాపాడుట క్రొత్త విద్య కాదు. అచ్చు లేని కాలమున తాటియాకును పురుగు తొలుచును, చెద తినును, తేమ చెరచును. అందుచేత ప్రతి తరమునందును ఎవరో ఒకరు గంటము పట్టి పాత ప్రతికి క్రొత్త ప్రతి వ్రాయవలసి వచ్చెను. పలుచోట్ల పలువురు వ్రాసికొన్న కావ్యము నిలిచెను. ఎవరును వ్రాసికొనని కావ్యము నశించెను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798-1884) కడపలో బంగళా కొని, సొంత ధనముతో పండితులకు వేతనము లిచ్చి చేయించిన కృషి తెలుగువారికి తెలియనిది కాదు. ఆయన ఒకే గ్రంథమునకు వేర్వేరు చోట్లనుండి ప్రతులను తెప్పించెను. వానిని ప్రక్కప్రక్కన నుంచి పండితులచే పోల్పించి, పాఠమును సరిదిద్దించెను. ఒక ప్రతిలో లేఖకుని పొరపాటున జారిపోయినది మరియొక ప్రతిలో దొరకును; ఒక ప్రతిలో పురుగు తిన్న పాదము వేరొకదానిలో చెక్కుచెదరక యుండును. 1829లో ఆయన వేమన పద్యములను అచ్చువేయించెను. ఆయన సమకూర్చిన ప్రతులలో పెక్కు తరువాత చెన్నపట్టణమందలి ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరినవి.

ఈ పనిలో మూడు సూత్రములు కలవు. ప్రతులు ఒకటికంటె ఎక్కువగా నుండవలెను. అవి ఒకే ఇంట నుండరాదు. అప్పుడప్పుడు వానిని పోల్చి సరిదిద్దవలెను. నేటి మహాసమాచార నిలయములు నడుచుచున్నదియు ఈ మూడు సూత్రముల మీదనే. మారినది పరిమాణము, వేగము, సూత్రము మారలేదు.

డిస్కు ఆయుర్దాయము

డిస్కు యంత్రము, యంత్రము చెడుట సహజము. 2007లో గూగుల్ పరిశోధకులు తమ సంస్థలో వాడుకలోనున్న లక్షకు పైబడిన డిస్కుల చరిత్రను పరిశీలించి ఫలితములను ప్రకటించిరి. మొదటి సంవత్సరములో నున్న డిస్కులు ఏడాదికి నూటికి 1.7 చొప్పున చెడినవి. మూడేండ్ల వయస్సు గలవి నూటికి 8.6 చొప్పున చెడినవి.

ఒకే డిస్కు గల ఇంటివానికి ఈ లెక్క భయము కలిగింపదు. పదేండ్లు చెడకుండ నడిచిన డిస్కును చూపి అతడు నవ్వవచ్చును. కాని పదివేల డిస్కులు గల నిలయమును తలచుకొనవలెను. నూటికి రెండే చెడునని అనుకొన్నను ఏడాదికి 200 డిస్కులు పోవును. అనగా రెండు దినములకు ఒకటికంటె ఎక్కువ. అక్కడ డిస్కు చెడుట అకస్మాత్తుగా వచ్చిన ఆపద కాదు, దినచర్యలోని భాగము. అందుచేతనే పెద్ద సంస్థలు చెడని డిస్కులకై వెదకుట మానినవి. సాధారణమైన డిస్కులనే కొని, వానిలో కొన్ని ఎప్పుడును చెడియుండునని ముందే ఒప్పుకొని, అటులైనను సమాచారము నిలుచునట్లు కట్టడి చేసికొన్నవి.

మూడు ప్రతుల పద్ధతి

గూగుల్ సంస్థ 2003లో ప్రకటించిన తమ నిల్వ పద్ధతి ఈ మార్గమున ప్రసిద్ధికెక్కినది. అందు ప్రతి పెద్ద గ్రంథమును 64 మెగాబైట్ల ఖండములుగా కోయుదురు. ఒక్కొక్క ఖండమును సామాన్యముగా మూడు వేర్వేరు యంత్రములలో నుంతురు. ఏ ఖండము ఏ యంత్రమున నున్నదో తెలుపు పట్టిక ఒక ప్రధాన యంత్రము వద్ద నుండును. గ్రంథాలయపు సూచిక వంటిదే ఈ పట్టిక. పాఠకుడు సూచికను చూచి తావు తెలిసికొని, నేరుగా ఆ బీరువా వద్దకే పోవును. పుస్తకములన్నియు సూచికగది ద్వారమునుండి రానక్కరలేదు. ఇట్లు ఒకేసారి వేలమంది చదువుటకు వీలగును.

ఈ పద్ధతిని అనుసరించి 2006లో అందరికిని ఉచితముగా లభ్యమైనది హడూప్. దానిని నిర్మించినవారిలో ఒకరి కుమారుని ఏనుగుబొమ్మ పేరే దానికి వచ్చినది. అందు ఖండపు పరిమాణము తరువాతి రూపములలో 128 మెగాబైట్లు, ప్రతులు మూడు. ప్రతి యంత్రమును మూడు క్షణములకొకసారి తాను బ్రతికియున్నట్లు ప్రధాన యంత్రమునకు వార్త పంపును. రమారమి పదిన్నర నిమిషములు వార్త రానిచో అది చచ్చినట్లు భావించి, దానియందలి ఖండములను మిగిలిన ప్రతులనుండి వేరొక యంత్రమునకు వ్రాయింతురు. మొదటి వార్త తప్పిన వెంటనే ఏల తొందరపడరు? యంత్రము మరల మొదలు కావచ్చును. తీగె ఊడి మరల తగులవచ్చును. పనివాడు ఒక పూట రానంతనే క్రొత్తవానిని నియమించు యజమానికి ఖర్చు పెరుగును. రెండు వారములు ఎదురుచూచువానికి పని చెడును. ఈ రెంటి నడుమ తగిన గడువును నిర్ణయించుటయే కట్టడిలోని నేర్పు.

రెండు ప్రతులు చాలవా, మూడేల యని ప్రశ్న రావచ్చును. రెండింటిలో ఒకటి చెడినంతనే మిగిలినది ఏకైక ప్రతి యగును. క్రొత్త ప్రతి సిద్ధమగు వరకును ఆ ఏకైక ప్రతిపైననే సర్వభారము. సరిగా ఆ సమయముననే దానిలో ఒక భాగము చదువరానిదైనచో ఇక దిక్కులేదు. మూడవ ప్రతి ఆ మరమ్మతు కాలమునకు కాపు.

ఇంకొక జాగ్రత్త కలదు. ఖండములు వేయి చోట్ల క్షేమముగా నున్నను పట్టిక పోయినచో అవి పుటలూడిన పుస్తకముల గుట్ట వంటివే. అందుచేత పట్టికకు కూడ ప్రతులుండవలెను. ఏ గ్రంథాలయమునందైనను పుస్తకముల దాఖలా రిజిష్టరును పుస్తకములకంటె జాగ్రత్తగా దాచుట ఇందుచేతనే.

తావు నిర్ణయము

ప్రతుల సంఖ్యకంటె వాని తావు ముఖ్యము. సమాచార నిలయములో యంత్రములను బీరువాల వంటి ఇనుప చట్రములలో అమర్తురు. ఒక చట్రమందలి యంత్రములకు విద్యుత్తీగెయు, వార్తలు నడుపు పెట్టెయు సామాన్యముగా ఉమ్మడివి. మూడు ప్రతులును ఒకే చట్రమున నున్నచో ఆ తీగె తెగిన క్షణమున మూడును మాయమగును. లెక్కకు మూడు, నిజమునకు ఒకటి. అందుచేత హడూప్‌లో మొదటి ప్రతిని వ్రాయుచున్న యంత్రముననే యుంచి, రెండవదానిని వేరొక చట్రమునకు పంపి, మూడవదానిని ఆ రెండవ చట్రముననే మరియొక యంత్రమున నుంతురు. మూడింటిని మూడు చట్రములకు పంపినచో చట్రముల నడుమ దారిపై బరువు పెరుగును. ఒకే దానియందుంచినచో అపాయము. నడిమి మార్గమున ఒక చట్రమంతయు పోయినను ప్రతి నిలుచును, దారిబరువును తగ్గును.

ప్రతులను ఎంత ఎక్కువగా చెదరగొట్టిన అంత క్షేమమని తోచుట సహజము. అది ఎల్లప్పుడును నిజము కాదు. తొమ్మిది యంత్రములు కలవనుకొనుడు. వానినుండి ఏవేని మూడింటిని ఎంచుటకు 84 విధములు కలవు. లక్షలకొలది ఖండములను ఇష్టము వచ్చినట్లు మూడేసి యంత్రములలో చల్లినచో, ఆ 84 కూటములలో ప్రతిదానియందును ఏదో ఒక ఖండపు మూడు ప్రతులును ఉండనే యుండును. అప్పుడు ఏ మూడు యంత్రములు ఒకేసారి పోయినను కొంత నష్టము తప్పదు. అటుగాక తొమ్మిదింటిని మూడేసి చొప్పున మూడు జట్లుగా విభజించి, ప్రతి ఖండమును ఒకే జట్టులో నుంచినచో, 84 కూటములలో మూడు మాత్రమే ప్రాణాంతకములు. అయితే అట్టి జట్టు పోయినచో సమాచారములో మూడవవంతు ఒకేసారి పోవును. జట్టులో ఒక యంత్రము చెడినప్పుడు మరమ్మతు భారమంతయు మిగిలిన రెండింటిపైననే పడును. తరచుగా కొద్ది నష్టమా, అరుదుగా పెద్ద నష్టమా యనునది నిర్వాహకులు ముందే తేల్చుకొనవలసిన ప్రశ్న. 2013లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ రెంటి నడిమి మార్గమును చూపిరి. విద్యుత్తు ఆగిపోయి వచ్చినప్పుడు అయిదువేల యంత్రముల సముదాయములో కొంతైనను సమాచారము నష్టమగు అవకాశము నూటికి 99.99నుండి 0.15కు తగ్గునని వారు లెక్కకట్టిరి. ఒక్క క్రొత్త డిస్కైనను కొనకుండ, ఉన్న ప్రతుల తావు మార్చుటచేతనే ఇంత భేదము!

కోరము

ప్రతులు అనేకములైనప్పుడు మరియొక చిక్కు వచ్చును. ఒకదానిని దిద్ది మరియొకదానిని దిద్దకున్నచో ఏది సరియైనది? సంఘములను నడుపువారికి దీని పరిష్కారము తెలిసినదే. అదియే కోరము. 1979లో డేవిడ్ గిఫర్డు అను శాస్త్రజ్ఞుడు ఓట్ల పద్ధతిని ప్రతులకు అన్వయించెను. 2007లో అమెజాన్ సంస్థ ప్రకటించిన డైనమో అను నిల్వ పద్ధతి కోరము అంకెలను నిర్వాహకుల ఇష్టమునకు విడిచెను.

మూడు ప్రతులు కలవు. వ్రాసినప్పుడు కనీసము రెండు ప్రతులు అందినట్లు చెప్పవలెను. చదివినప్పుడు కనీసము రెండు ప్రతులను అడుగవలెను. రెండును రెండును కలిసి నాలుగు. నాలుగు మూడుకంటె ఎక్కువ. కనుక చదువు జట్టులోను వ్రాత జట్టులోను కనీసము ఒక యంత్రము ఉమ్మడిగా నుండి తీరును. దానివద్ద క్రొత్త పాఠము దొరకును. ఒక యంత్రము మూలబడినను పని ఆగదు. వ్రాతకు మూడింటి అంగీకారము కావలెనన్నచో చదువుట ఒకదానితోనే తీరును, కాని ఒక్క యంత్రము చెడినను వ్రాత నిలిచిపోవును. వ్రాతకు ఒకటియే చాలునన్నచో పని చురుకుగా సాగును, కాని ఆ ఒక్కటి చెడినప్పుడు అప్పుడే వ్రాసినది పోవచ్చును. వేగము కావలెనా, నమ్మకము కావలెనా, ఎంతెంత కావలెనా యను నిర్ణయము ఈ చిన్న అంకెలలో నున్నది.

పొదుపు మార్గము

మూడు ప్రతులనగా మూడింతలు ఖర్చు. నూరు టెరాబైట్ల సమాచారమునకు మూడు వందల టెరాబైట్ల చోటు కావలెను. ఈ భారమును తగ్గించు ఉపాయము కరణము లెక్కలలో కలదు. ఒక పద్దులో 25, 40, 35 అను మూడు మొత్తములను వ్రాసి క్రింద 100 అని కూడిక వేసినారనుకొనుడు. నడిమి అంకెను చెద తిన్నను విచారము లేదు. నూటినుండి అరువది తీసివేసినచో నలుబది తేలును. మూడు అంకెలను కాపాడుటకు ప్రతి యొక్కటికి నకలు వ్రాయనక్కరలేదు. ఒక్క కూడిక చాలినది.

అయితే ఒక కూడిక ఒక నష్టమునే పూడ్చును. రెండు, మూడు, నాలుగు నష్టములకు దారి చూపినది 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అను ఇద్దరు గణితజ్ఞులు ప్రకటించిన పద్ధతి. దాని మూలము బడిపిల్లలకు తెలిసిన రేఖాగణితమే. రెండు బిందువులు తెలిసినచో సరళరేఖ నిర్ణయమగును. ఆ రేఖపై అయిదు బిందువులను గుర్తించి అయిదు చోట్ల దాచినచో, ఏ మూడు పోయినను మిగిలిన రెంటితో రేఖను మరల గీయవచ్చును. సరళరేఖకు బదులు వక్రరేఖలను తీసికొని, ఆరు ఖండములకు మూడు రక్షణ ఖండములను, పది ఖండములకు నాలుగు రక్షణ ఖండములను చేర్తురు. గీతలుపడిన సంగీతపు సీడీ కూడ పాడుచుండుటకు కారణము ఈ గణితమే.

నూరు టెరాబైట్లకు ఆరు-మూడు పద్ధతిలో కావలసిన చోటు నూటయేబది. ఏ మూడు ఖండములు పోయినను భయము లేదు. ఫేస్‌బుక్ సంస్థ వాడిన పది-నాలుగు పద్ధతిలో కావలసినది నూటనలుబదియే. ఏ నాలుగు పోయినను సమాచారము నిలుచును. మూడు ప్రతుల పద్ధతిలో మూడువందల చోటు పట్టియు రెండు నష్టములకే ఓర్పు. హడూప్‌నందు కూడ 2017 చివర వెలువడిన మూడవ రూపమున ఈ పద్ధతి చేరినది.

మరి అందరును దీనినే ఏల వాడరు? పొదుపునకు వెల మరియొక చోట కట్టవలెను. ప్రతుల పద్ధతిలో ఒక ఖండము పోయినచో మరియొకదానిని చూచి వ్రాసికొందురు, చదువవలసినది ఒకటియే. పది-నాలుగు పద్ధతిలో ఒక ఖండమును తిరిగి నిర్మించుటకు పది ఖండములను తెప్పించి లెక్క కట్టవలెను. దారులన్నియు మరమ్మతు బండ్లతో నిండిన పాఠకునికి చోటు దొరకదు. ఈ భారమును తగ్గించుటకు మైక్రోసాఫ్టు సంస్థ 2012లో ప్రకటించిన పద్ధతిలో పండ్రెండు ఖండములను ఆరేసి చొప్పున రెండు జట్లు చేసి, జట్టునకొక రక్షణ ఖండమును, అందరికి ఉమ్మడిగా మరి రెంటిని చేర్చిరి. చోటు ఒకటికి 1.33 వంతులే, ఒక ఖండము పోయినచో ఆరింటిని చదివిన చాలును.

కావున అనుభవజ్ఞులు నిత్యము వాడుకలో నున్న సమాచారమునకు ప్రతుల పద్ధతిని, అరుదుగా తెరచు పాతదానికి రక్షణ ఖండముల పద్ధతిని వాడుదురు.

మరమ్మతు వేగము కూడ క్షేమములో భాగమే. పది టెరాబైట్ల డిస్కును క్షణమునకు నూరు మెగాబైట్ల చొప్పున నింపుటకు లక్ష క్షణములు, అనగా ఇరువదియేడు గంటలకు పైగా, పట్టును. అంతకాలమును ఒక కాపు తక్కువ. ఆ పనిని నూరు యంత్రములు పంచుకొని, దారి కూడ అనుకూలించినచో వేయి క్షణములలో, అనగా పదునేడు నిమిషములలోపల, ముగియును. ఖండములను కొంత విరివిగా చల్లుటలోని లాభము ఇదియే.

ప్రతులు కాపాడలేనివి

ఇంత గణితము నేర్చినవారికి కూడ నష్టములు కలిగినవి. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గ్ నగరములో ఒక పెద్ద సమాచార నిలయము అగ్నికి ఆహుతియయ్యెను. నకలును వేరొక తావున నుంచుకొన్నవారు తేరుకొనిరి. అదే ఆవరణలో నుంచుకొన్న కొందరు అసలును నకలును కూడ కోల్పోయిరి. 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియాలోని తేజాన్ నగరమున ప్రభుత్వ సమాచార కేంద్రము కాలినది. ఉద్యోగులు పత్రములు దాచుకొను నిల్వ, 858 టెరాబైట్లు, అందు నశించెను. దానికి బయట ప్రతి లేదు. పరిమాణము మిక్కిలి పెద్దది గనుక ప్రతి యుంచలేదని చెప్పిరి. పొదుపు హద్దు దాటిన పర్యవసానము అది. యాళ్ళపాణము గ్రంథాలయమును 1981లో తగులబెట్టినప్పుడు రమారమి 97,000 గ్రంథములు, తాళపత్రములు బూడిదయైనవి. కాగితమైనను డిస్కైనను అగ్నికి భేదము లేదు.

అగ్నికంటె తరచుగా వచ్చునది మానవుని పొరపాటు. 2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు ఒక యంత్రమునందలి సమాచారమును తుడువబోయి అసలైన యంత్రమునందలి దానిని తుడిచెను. ఆ సంస్థకు నకలు తీయు ఏర్పాట్లు అనేకములు కలవు. వెదకి చూడగా అవి పనిచేయుటలేదని అప్పుడే తెలిసినది. దైవికముగా ఆరు గంటల మునుపు తీసిన ఒక ప్రతి దొరకినందున ఆ ఆరు గంటల వ్రాతలు మాత్రమే పోయినవి. సంస్థ ఈ సంగతిని దాచక తానే లోకమునకు తెలిపినది.

ఇందలి నీతి స్పష్టము. వెంటవెంటనే తమంతట తాము సరిపడు ప్రతులు యంత్రము చెడినప్పుడు కాపాడును. మనుష్యుడు తప్పు చేసినప్పుడు కాపాడవు. తుడుపు ఆజ్ఞ మూడు ప్రతులకును విధేయతతోనే చేరును. కనుక నిన్నటి రూపమును నేటి చేయి తాకరానట్లు దాచిన ప్రతి వేరుగా నుండవలెను. దానిని తెరచి చదివి చూచువరకును అది ప్రతి యని నమ్మరాదు.

గ్రంథాలయముల కూటమి

ఈ విద్య ధనిక సంస్థలకే పరిమితము కాదని చూపినవి గ్రంథాలయములే. 1999లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ గ్రంథాలయమున లాక్స్ అను కార్యక్రమము మొదలయ్యెను. విరివిగా ప్రతులున్నచో వస్తువు క్షేమమనునది ఆ పేరులోని భావము. చేరిన గ్రంథాలయములు ఒక్కొక్కటి తమవద్ద సాధారణమైన కంప్యూటరులో పత్రికల ప్రతులను దాచును. ఆ కంప్యూటరులు అప్పుడప్పుడు తమ ప్రతులను ఒకదానితో నొకటి పోల్చుకొని ఓటు వేయును. ఎక్కువమంది పాఠమునకు భిన్నమైన ప్రతి చెడినట్లు తేలును. మంచి ప్రతినుండి దానిని బాగుచేయుదురు. కడప బంగళాలో పండితులు చేసిన పనియే ఇది.

తెలుగు పుస్తకముల విషయమునను ఈ పాఠము ప్రత్యక్షముగా కనబడినది. 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందిన రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకములను అంకెల రూపమున అందరికి అందించు మహాయత్నమునకు ఆద్యులలో నొకరు. అందులో భాగముగా భారత డిజిటల్ గ్రంథాలయమున వేలకొలది తెలుగు గ్రంథములు చేరినవి. కాలక్రమమున ఆ పాత వెబ్‌సైటు మూతపడినది. అందలి పుస్తకములు లక్షలకొలదిగా ఇంటర్నెట్ ఆర్కైవునందు కూడ ప్రతులుగా చేరినవి గనుక, ఎన్నో పాత తెలుగు పుస్తకములు నేటికిని పాఠకులకు దక్కుచున్నవి. ఒక వాకిలి మూసినను రెండవ వాకిలి తెరచియుండెను.

చిన్న గ్రంథాలయము చేయదగినది

పల్లెటూరి గ్రంథాలయమునకు వేల యంత్రములు అక్కరలేదు, గణితజ్ఞులును అక్కరలేదు. అనుభవజ్ఞులు చెప్పు సులభసూత్రము చాలును: ప్రతులు మూడు, వస్తువులు రెండు విధములు, ఒక ప్రతి ఊరి వెలుపల. ఒకటి గ్రంథాలయపు కంప్యూటరునందు. రెండవది విడిగా దాచు డిస్కునందు, అదియు వేరొక కట్టడమున. మూడవది ఏదేని నమ్మదగిన అంతర్జాల నిల్వయందు గాని పొరుగూరి గ్రంథాలయమున గాని. రెండు గ్రంథాలయములు ఒకదాని డిస్కు నొకటి దాచుకొన్నచో ఇరువురికిని ఖర్చు లేదు. ఒక ఊరి వరద రెండవ ఊరి బీరువాను తాకదు. పాఠశాల బీరువాలో తాళము వేసిన డిస్కు, దొంగ చేతికిని తొందరపాటు చేతికిని దూరము.

దీనికి తోడు ఒక రిజిష్టరు కావలెను. ఏ డిస్కు ఎన్నడు కొన్నది, అందేమి కలదు, ఎవరివద్ద నున్నది, ఎన్నడు సరిచూచినది అను నాలుగు సంగతులు అందు వ్రాయవలెను. వార్షిక సర్వసభ్య సమావేశమునాడు జమాఖర్చులు చదివినట్లే ప్రతి డిస్కునుండి కొన్ని పత్రములను తెరచి సభలో చూపవలెను. అయిదేండ్లు దాటిన డిస్కును అది చెడకమునుపే మార్చవలెను. ఒకరికే తెలిసిన సంకేతపదము ఏకైక ప్రతి వంటిది. ఆ వ్యక్తి ఊరు విడిచినచో తాళము బిగిసిపోవును. కనుక కార్యవర్గములో ఇద్దరికి అది తెలిసియుండవలెను.

ధనము చాలనిచో మొదట దేనిని కాపాడవలెను? అచ్చుపడి అంగళ్లలో దొరకు గ్రంథము ఇతర గ్రంథాలయములలో నుండనే యుండును. లోకమే దానికి ప్రతులు ఉంచినది. కాని ఊరి బడి మొదటి హాజరుపట్టీ, పాత సభల ఛాయాచిత్రము, నాట్లనాడు పాడిన పాట, గ్రంథాలయ స్థాపకులు చేతితో వ్రాసిన తీర్మానము - ఇవి లోకమున మరెక్కడను లేవు. వీనిని పెద్ద సంస్థ ఏదియు వచ్చి కాపాడదు. వీనికి రెండవ ప్రతి పుట్టవలెనన్న ఈ ఊరివారే పుట్టింపవలెను. ఉన్నది ఒకటే యని తెలిసిన నాడే రెండవదానిని వ్రాయించుట వివేకము. ఆ ఒకటి పోయిన తరువాత ఎంత ధనమును దానిని తెచ్చియీయలేదు.

గంటముతో ఆకులు నింపిన అజ్ఞాత లేఖకుల పేర్లు పెక్కు తెలియవు. వారు వ్రాసిన ప్రతులవలననే కావ్యములు నేటికి దక్కినవి. స్వర్ణోత్సవమునాటి పాఠకులకు ఈ ఊరి వ్రాతలు దక్కినచో, ఆ పుణ్యము నేడు రెండవ డిస్కును పొరుగూరికి మోసికొనిపోవు కార్యకర్తది. అట్టి కార్యకర్తలతో ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!